మైనానికి ముందు

ఆ కాగితం చదివిన ఉదయం కూడా ఆమె తల డ్రైవరు చేతుల్లోనే ఉంది.

డ్రైవరంటే ఆమె భర్త. సిటీ బస్సు నడుపుతాడు. డిపోకి బయల్దేరే ముందు వంటింట్లో పీట వేసి భార్యను కూర్చోబెట్టి, తను వెనక నిలబడి, జుట్టును మూడు పాయలు చేసి జడ అల్లుతాడు. కిటికీ తలుపు మూశాక గాని ఈ పని మొదలవదు. ఎదురింటివాళ్లు చూస్తే నామోషీ అని అతను ఏనాడూ అనలేదు. కిటికీ మాత్రం ఏనాడూ తెరిచి ఉంచలేదు. జడ అయ్యాక ఆమె చొక్కా గుండీలు. ఒక్కొక్కటీ పెట్టి, కాలరు సర్ది, ఒక అడుగు వెనక్కి వేసి, బస్సును గీత మీద సరిగ్గా ఆపానా లేదా అన్నట్టు చూసుకుంటాడు.

ఆమెను బజారులో అందరూ కాజాలమ్మ అంటారు. టైలర్ల దగ్గర పనిచేసింది. బట్ట కత్తిరించలేదు, మిషను తొక్కలేదు. ఆమె పనల్లా చేత్తో కాజాలు కుట్టడం, గుండీలు వేయడం. బట్టకు చిన్న గాటు పెట్టి, దాని అంచు చుట్టూ దారం ముడి మీద ముడి వేసుకుంటూ పోయేది. గుండీ కింద అగ్గిపుల్ల పెట్టి కుట్టి, పుల్ల లాగేసి, ఆ వదులులో దారం చుట్టి గుండీకి మెడ నిలబెట్టేది. ఆమె వేసిన గుండీ ఊడింది అన్న మాట ఆ బజారులో ఎవరూ వినలేదు. ఇప్పుడా వేళ్లు కీళ్ల దగ్గర ఉబ్బి, పక్కకు ఒరిగిపోయాయి. పొద్దున లేచేసరికి బిగుసుకుపోయి ఉంటాయి. మధ్యాహ్నం దాటాక కాస్త కదులుతాయి, అదీ వాటికి బుద్ధి పుడితే.

కాగితం చదువుతున్నది ఆమె వదిన, అంటే డ్రైవరు అక్క. ఏ ఆఫీసుకు వెళ్లినా అక్కడ ఎవరో ఒకరితో వాదన పెట్టుకోకుండా తిరిగి రాదు కాబట్టి ఇంట్లో ఆవిడ పేరు లాయరమ్మ. లా కాలేజీ గేటు ఎటువైపుందో కూడా ఆవిడకు తెలియదు.

"వినండి, వినండి," అంది లాయరమ్మ కళ్లజోడు ముక్కు మీదకి జార్చి. "'దరఖాస్తుదారు చక్కగా దువ్వి అల్లిన జడతో, గుండీలన్నీ సరిగ్గా పెట్టుకున్న శుభ్రమైన చొక్కాతో హాజరైనారు. పిడికిలి బిగింపు సంతృప్తికరం. చికిత్స కార్డు ప్రకారం కూడా మెరుగుదల కనబడుచున్నది. కూర్చుని చేయు తేలికపాటి చేతిపనికి అర్హులు. కావున వికలాంగ పింఛను తిరస్కరించడమైనది.'"

డ్రైవరు చేతులు ఆగిపోయాయి.

"తమ్ముడూ, నీ జడకి సర్టిఫికెట్ వచ్చిందిరా," అంది లాయరమ్మ. నవ్వించాలనే అంది గాని, ఎవరికీ నవ్వు రాలేదు.

కాజాలమ్మ కాసేపు గోడకేసి చూసింది. కోపం వచ్చినప్పుడు ఆమె మొహం ఎర్రబడదు, చప్పబడుతుంది. తెలిసినవాళ్లు అది చూసి జాగ్రత్తపడతారు.

"తేలికపాటి చేతిపనట," అంది. "వదినా, చేతిపనుల్లో తేలికది ఏదో కూడా రాశారా?"

"అది రాయలేదమ్మా."

"రాయరు. చేసుంటేగా తెలిసేది."

ఆ పింఛను వస్తే డ్రైవరు రెండో డ్యూటీ మానేస్తాడని వాళ్ల లెక్క. రెండు డ్యూటీలు చేసి వచ్చినప్పుడు అతను మెట్ల దగ్గర ఒక చెయ్యి నడుం మీద, ఒక చెయ్యి గోడ మీద పెట్టి ఎక్కుతాడు. లోపల మంచం మీద పడుకుని ఆమె ఆ అడుగులు వింటూ ఉంటుంది. ఆ మెట్ల చప్పుడు ఆమెను నొప్పి కంటే ఎక్కువ బాధపెడుతుంది. దానికి తోడు ఇప్పుడు ఈ కాగితం ఆమెను అబద్ధాలకోరు అంది. అంత మాట అనకపోయినా, అర్థం అదే.

"అప్పీలు చేస్తా," అంది కాజాలమ్మ.

"దానికి డాక్టర్ల కాగితాలు కావాలంటున్నారు," అంది లాయరమ్మ వెనక పేజీ తిప్పి. "కొత్త వైద్య ఆధారాలట."

"పట్టుకొద్దాం పద."

డ్రైవరు అల్లకుండా మిగిలిన జడను చివరిదాకా అల్లి, రబ్బరు బ్యాండు వేసి, గుండీలు పెట్టాడు. ఈసారి వెనక్కి వెళ్లి చూసుకోలేదు.

కీళ్ల డాక్టరు గది ముందు బెంచీలు నిండిపోయి ఉన్నాయి. పిలుపు వచ్చేసరికి పొద్దు నడినెత్తికొచ్చింది. డాక్టరు మంచివాడే, కాకపోతే తొందర మనిషి. కళ్లు కంప్యూటరు తెర మీద, చెయ్యి కలం మీద, చెవి మాత్రం రోగికి.

"మీ రక్తపరీక్షలు బ్రహ్మాండంగా ఉన్నాయమ్మా," అన్నాడు. "మందులు బాగా పనిచేస్తున్నాయి."

"నా చేతులు పనిచెయ్యట్లేదు సార్."

"అవి పాత దెబ్బలు. అరిగిన ఎముక మళ్లీ పెరగదుగా. కొత్తగా అరగకుండా చూస్తున్నాం."

"ఆ మాటే రాసివ్వండి."

ఆయన రాశాడు. లాయరమ్మ అక్కడే నిలబడి చదివింది. 'వ్యాధి మందులతో అదుపులో ఉన్నది' అని మొదటి వాక్యం.

"ఇది రాయకండి డాక్టరుగారూ," అంది లాయరమ్మ.

"ఎందుకండీ? అదుపులో ఉంది అంటే మంచి మాటేగా?"

"మీకు మంచి మాట," అంది కాజాలమ్మ. "ఆ ఆఫీసువాళ్లు దీన్ని చదివి, అదుపులో ఉంటే నీకు పింఛనెందుకు, పో, అంటారు."

డాక్టరు మొదటిసారి తెర మీంచి కళ్లు తిప్పి ఆమె చేతుల్ని చూశాడు. ఫైల్లోంచి ఎక్స్‌రే తీసి వెలుతురుకు పట్టాడు. "నిజాన్ని కొట్టెయ్యలేనమ్మా. దాని కింద ఇంకో నిజం రాస్తాను," అన్నాడు. ఎముకలు ఎక్కడెక్కడ అరిగాయో రాశాడు. "అయితే ఒక మాట. ఎముక ఎంత అరిగిందో నేను చెప్పగలను. ఆ చేత్తో ఏ పని అవుతుందో, ఏది కాదో చెప్పాల్సింది ఫిజియో. మీ కార్డు అక్కడే ఉంటుంది. వాళ్ల లెక్కే పింఛను బోర్డు చూస్తుంది."

బయటికొచ్చాక లాయరమ్మ మెట్ల మీద ఆగి కాగితం మళ్లీ చదివింది. "సగం మనకి, సగం వాళ్లకి రాశాడు," అంది. "ధర్మరాజు."

"మిగతా సగం తెచ్చుకుందాం," అంది కాజాలమ్మ.

మర్నాడు ఫిజియో గదికి వెళ్లారు. వారం వారం వచ్చే చోటే. గోడవారగా మైనం తొట్టి ఉంటుంది. కరిగిన వేడి మైనంలో చేతులు ముంచి తీస్తారు, మళ్లీ ముంచి తీస్తారు. తెల్లటి పొర మీద పొర గట్టిపడి, చేతికి మందపాటి తొడుగు తయారవుతుంది. దాని మీద ప్లాస్టిక్ సంచి, సంచి మీద తువ్వాలు. ఆ కాసేపూ కాజాలమ్మకు స్వర్గం. బిగిసిన వేళ్లు లోపల ఒక్కొక్కటీ మెత్తబడుతుంటే ఆమె కళ్లు మూసుకుని కూర్చుంటుంది. తర్వాత తొడుగు ఒలిచి, కాస్త వ్యాయామం చేయించి, చేతిలో ఒక పరికరం పెట్టి నొక్కమంటారు. ముల్లు ఎంత కదిలితే అంత కార్డు మీద ఎక్కిస్తారు. ముల్లు బాగా కదిలిన రోజున ఫిజియో అమ్మాయి "శభాష్" అంటుంది. ఆ శభాష్ కోసం కాజాలమ్మ పళ్లు బిగబట్టి మరీ నొక్కేది. ఇన్నాళ్లూ అది మంచి పనే అనుకుంది.

"ఈ కార్డు చూసి నా చెయ్యి బాగుందన్నారు," అంది ఆ అమ్మాయితో. "ఏ రోజు బాగుంది?"

"ప్రతివారం బాగుంటోందండీ. చూడండి, అంకె పెరుగుతూ వస్తోంది." అమ్మాయి గర్వంగానే చూపించింది. అందులో ఆమె కష్టమూ ఉంది.

"ఎప్పుడు కొలుస్తారమ్మా ఇది?" అని లాయరమ్మ అడిగింది.

"మైనం తీశాక, వ్యాయామం అయ్యాక."

"ముందు కొలవచ్చుగా?"

"ముందు కొలిస్తే ఏముంటుందండీ? వేళ్లు బిగుసుకుపోయి, అసలు ముల్లే కదలదు..."

ఆ మాట పూర్తి కాకుండానే అమ్మాయి ఆగిపోయింది. కార్డుకేసి చూసింది. తొట్టికేసి చూసింది. అందులో కరిగిన మైనం నిగనిగలాడుతోంది.

"ఇంట్లో నాకు మైనం తొట్టి లేదమ్మా," అంది కాజాలమ్మ మెల్లిగా. "నేను లేచేది ఆ ముల్లు కదలని చేతులతో."

లాయరమ్మ మొహం వాడిపోయింది. "అయ్యో, నా నోరు పడిపోనూ," అంది. "పింఛను డాక్టరు దగ్గరికి వెళ్లేరోజు పొద్దున్నే ఇక్కడికొచ్చి మైనం పెట్టించుకు వెళ్దామన్నది నేనే కదటే! పాపం, ఆయన ముందు నొప్పితో బాధపడకుండా ఉంటావని... గుడ్డిముండని, నేనే నిన్ను బాగుచేసి పంపా!"

"నువ్వొక్కదానివేనా? అందరం కలిసే పంపాం," అంది కాజాలమ్మ. చెయ్యి బల్ల మీద పెట్టింది. "కొలువు తల్లీ. మైనం లేకుండా."

"నొప్పి పెడుతుందండీ. అది పద్ధతి కాదు. కార్డులో దానికి గడి కూడా లేదు."

"నొప్పి నాది. గడి నువ్వు గీసుకో."

ఫిజియో అమ్మాయి పరికరం తెచ్చి, ఆమె అరచేతిలో పెట్టి, ఒరిగిన వేళ్లను ఒక్కొక్కటీ తీసి దాని చుట్టూ ఆనించింది. కాజాలమ్మ నొక్కింది. పళ్లు బిగబట్టి, మెడ నరాలు తేలేదాకా నొక్కింది. తక్కువ చేసి చూపించాలన్న ఆలోచన ఆమెకు రానే రాలేదు. ముల్లు కాస్త వణికి, ఉన్నచోటే ఉండిపోయింది. కళ్ల నీళ్లు మాత్రం కదిలాయి.

ఈసారి ఆ అమ్మాయి శభాష్ అనలేదు. కార్డు పక్కన మార్జిన్‌లో ఒక గడి గీసి, 'మైనానికి ముందు' అని రాసి, కింద అంకె వేసింది. తేదీ వేసింది. ముద్ర కోసం లోపలికి వెళ్లింది. కాసేపటికి ఆమె వెనకే విభాగం పెద్దాయన వచ్చాడు. మెడలో తాళాల గుత్తి, మొహంలో విసుగు.

"మైనానికి ముందు రీడింగు తీసే పద్ధతి మా దగ్గర లేదండీ," అన్నాడు. "ఒక్కరి కోసం పద్ధతి మారిస్తే రేపు అందరూ అడుగుతారు. దీని మీద ముద్ర వెయ్యను."

లాయరమ్మ చెంగున ముందుకు రాబోయింది. కాజాలమ్మ మోచేత్తో ఆపింది.

"దాని మీద వెయ్యొద్దు సార్," అంది. "మీ పద్ధతి ఏమిటో అది రాసిచ్చి, దాని మీద వెయ్యండి. 'మేము ఎప్పుడూ వేడి మైనంలో ముంచిన తర్వాతే కొలుస్తాము' అని. అంతే. నా గురించి ఒక్క ముక్క రాయొద్దు."

ఆయన ఇందులో మెలిక ఎక్కడుందా అని వెతికాడు. మెలికేమీ దొరకలేదు, ఉన్న సంగతే అడుగుతోంది. కాదంటే తన పద్ధతిని తనే కాదన్నట్టవుతుంది. గొణుక్కుంటూ రాసి, ముద్ర గట్టిగా వేశాడు.

బయట లాయరమ్మ ఆ కాగితాన్ని రెండుసార్లు చదివి, మరదల్ని ఎగాదిగా చూసింది. "ఆ పేరు నీకు పెట్టాల్సిందే," అంది. "పొరపాటున నాకు పెట్టారు."

అప్పీలు వేశాక విచారణకు తేదీ వచ్చింది. దానికి ముందురోజు సాయంత్రం డ్రైవరు ఇస్త్రీ పెట్టె తీశాడు. ఆమె తెల్ల చొక్కాను బల్ల మీద పరిచి, నీళ్లు చిలకరించి, కాలరు దగ్గర ఇస్త్రీ మొదలుపెట్టాడు.

"అది వద్దు," అంది కాజాలమ్మ.

"ఇదే నీకు బాగుంటుంది."

"అందుకే వద్దు. రేపు నేను ఇస్త్రీ చొక్కా వేసుకోను. జడ మీరు వెయ్యొద్దు, గుండీలు మీరు పెట్టొద్దు. నా చేతులకు ఎంత చేతనైతే అంతలోనే వెళ్తాను."

ఇస్త్రీ పెట్టె గాల్లోనే ఆగింది. "తల విరబోసి నిన్ను నలుగురిలోకి పంపిస్తానా?"

"మీరు పంపడమేమిటి? నేను వెళ్తున్నా."

"జనం ఏమనుకుంటారే? మొగుడు పట్టించుకోడు అనుకోరూ?"

"ఇప్పుడేమనుకుంటున్నారు? దీనికి రోగమే లేదు అనుకుంటున్నారు. అది బాగుందా?"

అతను ఇస్త్రీ పెట్టెను నిలబెట్టి, కుర్చీలో కూర్చున్నాడు. చాలాసేపు చొక్కా అంచు పట్టుకుని నలుపుతూ ఉండిపోయాడు. ఇస్త్రీ చేసిన మేరకు మళ్లీ నలిగిపోయింది.

"అయితే ఇన్నాళ్లూ నేను చేసిందంతా తప్పా?" అన్నాడు చివరికి.

ఆమె వెళ్లి అతని పక్కన నిలబడింది. భుజం మీద చెయ్యి వేయబోయి, వేళ్లు సహకరించక మణికట్టు ఆనించింది.

"తప్పు కాదయ్యా. మీరంత బాగా చేశారు కాబట్టే మీ చేతుల్ని చూసి నా చేతులనుకున్నారు వాళ్లు," అంది. "రేపొక్కరోజు నా చేతుల్ని చూడనివ్వండి."

అతను తలెత్తలేదు.

విచారణ రోజు ఉదయం డ్రైవరు సెలవు పెట్టి, పీట మీద తను కూర్చుని, చేతులు మోకాళ్ల మధ్య ఇరికించుకుని చూస్తూ ఉన్నాడు. వంటింటి కిటికీ మూసే ఉంది. కాజాలమ్మ మోచేత్తో గడియ లేపి తలుపులు తోసేసింది.

"గాలి రానివ్వండి," అంది.

చొక్కా చేతులు తొడుక్కోవడానికే ఆయాసం వచ్చింది. గుండీ దగ్గరికి వచ్చేసరికి అసలు యుద్ధం మొదలైంది. గుండీని బొటనవేలి పక్కకు నెట్టి, రెండో చేతి మణికట్టుతో కాజాను ఎదురు తోసింది. జారింది. మళ్లీ తోసింది. ఆ కాజా ఆమె కుట్టిందే. అంచు ఇంకా చెక్కు చెదరలేదు, అంత బిగువుగా కుట్టింది. "నా పనితనమే నా ప్రాణం తీస్తోంది," అని తిట్టుకుంది. డ్రైవరు రెండుసార్లు లేవబోయి కూర్చున్నాడు. చివరికి పైన ఒకటి పట్టింది. ఇంకొకటి పట్టింది గాని, పక్క కాజాలోకి పోయి చొక్కా ఒకవైపు పైకి లేచింది. మిగిలినవాటిని వదిలేసి, లోపల బనీను ఉందిగా, చాల్లే అంది. దువ్వెన చేతిలో నిలవలేదు. జుట్టు వీపు మీద పడుకున్నది పడుకున్నట్టే ఉంది.

వీధిలో ఎదురింటావిడ చెత్తబుట్ట పట్టుకుని అలా ఉండిపోయింది. కాజాలమ్మ ఆవిడకేసి సూటిగా చూసి, "ఏం వదినగారూ, బాగున్నారా?" అని పలకరించి మరీ వెళ్లింది. వెనక డ్రైవరు తల వంచుకుని నడిచాడు. దారిలో లాయరమ్మ కలిసింది. మరదలి వాలకం చూసి నోరు తెరిచింది, అలవాటు తప్పి ఏమీ అనకుండానే మూసుకుంది.

విచారణ గదిలో పొడవాటి బల్ల, దాని వెనక అధ్యక్షురాలు, పక్కన బోర్డు డాక్టరు. చివర గుమాస్తా కాగితాలు సర్దుకుంటున్నాడు. డ్రైవరును వరండాలో కూర్చోమన్నారు. కాజాలమ్మకు తోడుగా లాయరమ్మను మాత్రం రానిచ్చారు.

లోపల చల్లగా ఉంది. ఎవరో టీలు తెచ్చి బల్ల మీద పెట్టారు. బోర్డు డాక్టరు ఒక గ్లాసు ఆమె వైపు జరిపాడు. "పట్టుకోండమ్మా, చేతులు వెచ్చబడతాయి," అన్నాడు. దయగానే అన్నాడు.

కాజాలమ్మ చేతులు వెనక్కి లాక్కుంది. "వద్దు సార్. వెచ్చబడకముందే చూడండి. తర్వాత తాగుతాను."

ఆయన కనుబొమలు ఎగరేసి, లేచి వచ్చి చూశాడు. కీలు కీలు తడిమాడు. పిడికిలి మూయమన్నాడు, అది సగంలో ఆగింది. బల్ల మీది కలం తీయమన్నాడు, అది దొర్లి కిందపడింది. తర్వాత కాగితాలు చదివాడు. మైనం తర్వాతే కొలుస్తామని ఫిజియో పెద్దాయన ముద్ర వేసిచ్చిన కాగితం దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగాడు.

"ఇది అర్థమైంది," అన్నాడు. "కానీ ఒక మాట అడగాలి, ఏమీ అనుకోకండి. పోయినసారి అంత నీటుగా వచ్చారు. జడ, గుండీలు అన్నీ సవ్యంగా ఉన్నాయని మా డాక్టరు రాశారు. పింఛను రాలేదు. ఈసారి ఇలా వచ్చారు. ఎవరైనా ఇలా రమ్మని చెప్పారా? రెంటిలో ఏది నిజమని మేం నమ్మాలి?"

లాయరమ్మ గాలి పీల్చుకుంది. ఆవిడ గాలి పీల్చుకుంటే దాని వెనక ఎంత ప్రవాహం వస్తుందో కాజాలమ్మకు తెలుసు.

"వదినా, ఉండు," అంది. ఇంత కష్టపడి ఉన్నది ఉన్నట్టు తెస్తే, ఇది వేషమంటున్నారు. జడ ఉన్నప్పుడు రోగం లేదన్నారు, లేకపోతే నాటకమంటున్నారు. ఇంక ఎలా రావాలి? ఆ మాటే పైకి అనబోయి, వరండాకేసి చూసింది. తలుపు సందులోంచి బెంచీ మీద కూర్చున్న డ్రైవరు మోకాళ్లు కనిపిస్తున్నాయి.

"రెండూ నిజమే సార్," అంది. "మా ఆయన్ని ఒక్కసారి లోపలికి రానివ్వండి, చూపిస్తాను."

అధ్యక్షురాలు తల ఊపింది. గుమాస్తా వెళ్లి తలుపు బార్లా తీశాడు. డ్రైవరు గుమ్మంలో నిలబడ్డాడు. కాజాలమ్మ కుర్చీలోనే తిరిగి, బల్లకు పక్కవాటుగా కూర్చుంది.

"జడ వెయ్యండి," అంది.

"ఇక్కడా?"

"ఇక్కడే."

అతను ఆ గది చూశాడు. బల్ల చూశాడు. వెనక తెరిచి ఉన్న తలుపు, వరండాలో మెడలు సాచి తొంగి చూస్తున్న జనం. ఆ తలుపు మూస్తారేమోనని గుమాస్తా వైపు చూశాడు. గుమాస్తా కదల్లేదు. కాజాలమ్మ అప్పటికే తల కాస్త వెనక్కి వాల్చి ఎదురుచూస్తోంది.

డ్రైవరు చొక్కా జేబులోంచి దువ్వెన తీశాడు. వద్దన్నా తెచ్చుకున్నాడు. అతని మణికట్టుకు రబ్బరు బ్యాండు కూడా ఉంది.

లాగితే నొప్పి పుట్టకుండా జుట్టును కుదుళ్ల దగ్గర పిడికిట పట్టి, కొసల నుంచి చిక్కు తీసుకుంటూ పైకి వచ్చాడు. చెవి దగ్గరికి దువ్వెన రాగానే ఆమె చెప్పకుండానే తల పక్కకు వంచింది. అవతలి చెవి దగ్గర అతను ముట్టుకోకముందే ఇటు వంచింది. చిటికెనవేలితో పాపిట గీసి, మూడు పాయలు విడదీసి, స్టీరింగు తిప్పే ఆ మోటు వేళ్లు చకచకా అల్లుకుంటూ పోయాయి. అతను చేతుల వైపు చూడటం లేదు. ఎదురుగా గోడకేసి చూస్తున్నాడు.

అధ్యక్షురాలు కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టింది.

"ఎప్పటి నుంచి వేస్తున్నారు?" అని అడిగింది.

"ఆవిడ వేళ్లు వంగడం మానేసినప్పటి నుంచి అమ్మా."

"పోయినసారి పరీక్షకు వచ్చిన రోజున?"

"నేనేనండి." డ్రైవరు గొంతు సవరించుకున్నాడు. తల ఎత్తాడు. ఈసారి వరండాలో వాళ్లకు కూడా వినిపించేలా చెప్పాడు. "జడ వేసింది నేనే, గుండీలు పెట్టింది నేనే. రోజూ నేనే. ఆ రోజు పెద్దవాళ్ల దగ్గరికి వెళ్తోంది కదాని ఇంకాస్త శ్రద్ధగా వేశాను. అంత బాగా కుదురుతుందని నాకేం తెలుసు?"

వరండాలో ఎవరో నవ్వారు. బోర్డు డాక్టరు నవ్వలేదు. జడ చివర రబ్బరు బ్యాండు పడేదాకా చూసి, పాత నివేదికను దగ్గరకు లాక్కుని, ఆ మొదటి వాక్యం దగ్గర వేలు పెట్టాడు. వేలు అక్కడే ఉంచి అధ్యక్షురాలితో చిన్నగా ఏదో అన్నాడు. ఆవిడ గుమాస్తా వైపు తిరిగింది.

"రాయండి. నివేదికలో పేర్కొన్న జడ భర్త వేసినది. పిడికిలి రీడింగులన్నీ మైనం చికిత్స తర్వాత తీసినవి." కళ్లజోడు మళ్లీ పెట్టుకుంది. "తిరస్కరణ నిలవదు. ఉత్తర్వు ఇంటికి పంపిస్తాం."

లాయరమ్మ కళ్లు తుడుచుకుంటూనే, "ఎన్నాళ్లలో పంపిస్తారండీ?" అని మొదలుపెట్టింది.

కాజాలమ్మ ముందుకు వంగి, రెండు మణికట్ల మధ్య టీ గ్లాసు ఇరికించుకుని ఎత్తింది. ఎప్పుడో చల్లారి మీగడ కట్టింది. అయినా చివరి చుక్కదాకా తాగింది. మాటంటే మాటే.

వరండాలో జనం దారి ఇచ్చారు. మెట్ల దగ్గరికి వచ్చాక డ్రైవరు ఆగి, అలవాటుగా ఒక అడుగు వెనక్కి వేసి ఆమెను చూసుకున్నాడు. జడ బాగా కుదిరింది. చొక్కా మాత్రం ఒకవైపు పైకి లేచే ఉంది. పక్క కాజాలో పడ్డ ఆ గుండీని సరిచేయడానికి చెయ్యి చాచాడు.

కాజాలమ్మ ఆ చేతిని మణికట్టుతో పక్కకు తోసేసింది.

"దాని జోలికి రాకండి," అంది. "అది నేను పెట్టుకున్న గుండీ."

అలాగే బస్సెక్కింది. తమ వీధిలోకి వచ్చేసరికి ఎదురింటావిడ గుమ్మంలోనే ఉంది. ఈసారి డ్రైవరే ముందు పలకరించాడు.